మా ఆవిడ ఫోను ఉబ్బిన రోజు

ఆ రోజు మా ఇంట్లో ఫోను పేలి మంట ఫ్యానుదాకా లేచిందనీ, నేను తడిగుడ్డ కప్పి ఆర్పేశాననీ ఇప్పటికి చాలామందికి చెప్పాను. మంటా లేదు, పొగా లేదు. టిఫిను తింటుండగా, చార్జింగులో ఉన్న మా ఆవిడ ఫోను వెనక మూత టక్కున ఊడిపోయింది. చూస్తే లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. తడిగుడ్డ మాత్రం నిజం. మా ఆవిడ నా నుదుటి మీద వేసింది.

ఆ ఫోనులో మా అత్తగారి పాటలున్నాయి. మంగళహారతులు, అప్పగింతల పాటలు. ఆవిడ చివరి నెలల్లో రాయపూర్ వచ్చి మా దగ్గరే ఉన్నప్పుడు, మా ఆవిడ పక్కన కూర్చుని ఒక్కొక్కటే రికార్డు చేసుకుంది. అత్తగారు పోయాక ఆ గొంతు మరెక్కడా లేదు.

"ఫోను పోతే పోనీండి. అమ్మ పాటలకేటీ అవకూడదు," అంది.

ముప్పై ఏళ్లు రైళ్లకు వెలుగిచ్చినవాణ్నని నేను చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి బోగీల కింద ఉండే పెద్ద బ్యాటరీల మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోసేవాణ్ని. అయినా ఇంట్లో బ్యాటరీ మాట వస్తే తీర్పు నాదే. పాటలు రికార్డు చేయకముందు ఒకసారి బ్యాటరీ తీసి పెడితే ఫోనులో తేదీ మారిపోయింది. "చూశావా, బ్యాటరీ తీస్తే లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి," అన్నాను. పాపం, అది నమ్మింది. ఫోను ఆరిపోతే పాటలు పోతాయని రాత్రీపగలూ చార్జింగు పిన్ను తీసేది కాదు.

ఇప్పుడు బ్యాటరీ తీయకుండానే వాపు తగ్గించాలి కదా! ఫోను మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద పచ్చళ్లు నూరే పొత్రం ఎక్కించాను.

"అదేటి, అప్పడం ఒత్తుతున్నారా?" అని మా ఆవిడ పొత్రం లాగేసి, ఫోనుతోపాటు నన్నూ ఆటో ఎక్కించింది.

స్టేషను దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణాయన "కా హోగే బబా?" అని అడిగాడు, ఏమైంది తాతా అని వాళ్ల ఛత్తీస్‌గఢీలో. నాకొచ్చిన హిందీలో ఏమైందో చెప్పాను, నా రైలు బ్యాటరీలతో, పొత్రంతో సహా. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది నీళ్లు పోసే బ్యాటరీ కాదు బబా, లిథియంది! నొక్కితే అంటుకుంటుంది. రోజంతా చార్జింగులో ఉంచారా?"

ఆయన బ్యాటరీ తీయబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మత్ నికాలో భయ్యా! మా అమ్మ పాటలు పోతాయి!"

"ఎవరు చెప్పారు దాయీ?" అన్నాడు. దాయీ అంటే అక్కడ అమ్మా అని.

ఆమె నావైపు చూసింది. నేను గోడకు వేలాడుతున్న ఫోను కవర్లవైపు చూశాను.

పాటలు ఉండేది ఫోనులోననీ, బ్యాటరీ దానికి బలం మాత్రమేననీ ఆయన ఓపిగ్గా చెప్పి, మెల్లగా బ్యాటరీ బయటికి తీశాడు. అద్దం బల్ల మీద పెట్టి వేలితో తడితే బొంగరంలా గిరగిరా తిరిగింది. బాగున్నది ఇలా తిరగదట. దాన్ని ఇసుక డబ్బాలో పడేసి కొత్తది వేశాడు.

తెర ఇంకా నల్లగానే ఉంది. మా ఆవిడ చెవిలో చెప్పేశాను. "నాకేమీ తెలీదే. అప్పుడూ తెలీదు. తేదీ మారిందని ఊరికే అనేశాను."

"ముందు పాట రానీండి. తమరి సంగతి తర్వాత."

తెర వెలిగింది. తేదీ తప్పు. పాటలన్నీ ఉన్నాయి. ఆమె ఒకటి నొక్కగానే దుకాణమంతా మా అత్తగారి గొంతు. నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. చరణం మధ్యలో ఇంకో గొంతు గట్టిగా వినబడింది. "టీ ఏదే? ఇంకెంతసేపు?" నాదే.

దుకాణాయనకు తెలుగు రాకపోయినా ఆ గొంతు ఎవరిదో తెలిసిపోయింది. పగలబడి నవ్వాడు.

మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ అంది: "అన్నీ ఉన్నాయండి. ఈ ఒక్క గొంతు పోయుంటే ఎంత బాగుణ్ను!"