బొట్టు పెట్టిన రెండో డిస్కు

2008 ఆగస్టు 16, శనివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నాంపల్లిలోని మా అద్దె ఇంట్లో, కంప్యూటరు ఫైళ్లు భద్రపరిచే పెట్టె మీద రెండో అరకు ఎర్ర దీపం వెలిగింది. ఆ పెట్టెలో రెండు హార్డ్ డిస్కులు. మొదటిదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. ఒకటి పోయినా మరొకటి ఆదుకుంటుంది. ఎర్ర దీపం వెలిగితే ఆ అరలోని డిస్కు పాడైనట్టు.

డిగ్రీ పూర్తయిందని నేను రాసిన ఉత్తరాన్ని మా నాన్నగారు కూడబలుక్కుంటూ పైకి చదివిన నాలుగు నిమిషాల రికార్డింగు అందులోనే ఉన్నది. ఆయన పోయి మూడేళ్లు. అసలు క్యాసెట్టును, నకలు ఉన్నదన్న ధీమాతో నేనే పారవేశాను.

డిస్కుల మీద ‘1’, ‘2’ అని ముత్యాల వంటి అక్షరాలతో చీటీలు అంటించి ఉంచాను. ‘2’ను తీసుకొని, బదులు కొత్తది కొనడానికి అబిడ్స్‌లోని కంప్యూటరు దుకాణానికి వెళ్లాను. పాత డిస్కులో ఉన్నదంతా చెరపకుండా విడిచిపెట్టరాదని చదివి ఉన్నందున, దుకాణదారుకు ఆ మేరకు సంతకం చేసిన లేఖను కూడా అందజేశాను.

“చెరపమని కాగితం రాసిచ్చినోళ్లు గిన్నేండ్లల్ల మీరే సార్,” అంటూ అతను డిస్కును తన కంప్యూటరుకు తగిలించాడు. తెర చూసి ఆగాడు. “జర ఆగుండ్రి. దీనికేం కాలే. మంచిగుంది.”

“అది పాడైనదే. గుర్తు పెట్టినది నేను.”

“దీపం ఏ అరకు వెలిగింది?”

“రెండో అరకు.”

“ఇది ఏ అరల నుంచి తీసిన్రు?”

తీసినది మొదటి అర నుంచి. దీపం కన్నా నా చేతిరాతనే నమ్మాను.

డిస్కు మీది కుంకుమను అతను గోటితో చూపించాడు. “దసరాకు బయటికి తీసిన్రా?”

తీశాను. “పొద్దస్తమానం తిరిగేదానికి ఓ బొట్టు కూడా పెట్టొద్దట్రా?” అని అమ్మ అడిగితే, రెండింటినీ పీట మీద పెట్టి, పూజ అయ్యాక తిరిగి అమర్చాను. అప్పుడే తారుమారైనవి.

“మా అమ్మ గూడ తూకం రాళ్లకు పెడ్తది సార్. అవి ఎటు పెట్టినా అదే బరువు. ఇగో, మీ దరఖాస్తు,” అంటూ నా లేఖను తిరిగి ఇచ్చాడు.

కొత్త డిస్కుతో ఇంటికి వచ్చి, రెండో అరలోని పాడైనదాన్ని తీసివేసి, మంచిదాన్ని మొదటి అరలో, కొత్తదాన్ని రెండో అరలో పెట్టాను. రికార్డింగు వినిపించాను. “‘ఉత్తీర్ణుడ’ దగ్గర ఆగారు చూడు,” అన్నది అమ్మ.

ఆ తరువాత చీటీలు పీకివేశాను. దసరాకు బొట్టు పెట్టె మీదనే పెడుతున్నాము. రికార్డింగు నకలొకటి మా చెల్లెలి ఇంట్లో ఉన్నది.