కొప్పుకు చోటిచ్చిన హెల్మెట్

నా భార్య తల వెనక భాగం రోడ్డుకు తగిలిన చప్పుడు నాకింకా గుర్తుంది. పెద్ద చప్పుడేమీ కాదు. నిండు బిందెను గచ్చు మీద కాస్త గట్టిగా దించితే వచ్చేంత. సాయంత్రం బడి వదిలాక కె.కోటపాడు వైపు నుంచి చోడవరం వస్తున్నాం. ఒక మలుపులో ఏదో ట్రాక్టరు మీంచి జారిన చెరకు గడలు నాలుగైదు, వాటి ఆకుతో సహా రోడ్డు మీద పడి ఉన్నాయి. బ్రేకు నొక్కాను. వెనక చక్రం పక్కకు పోయింది. నేను మోకాలి మీద పడ్డాను. ఆవిడ వెల్లకిలా పడింది.

హెల్మెట్ పెట్టుకునే ఉంది. కానీ సరిగ్గా నేలకు తగిలిన చోట, పైన గట్టి పెంకుకీ లోపలి మెత్తటి గుడ్డకీ మధ్య ఉండాల్సిన థర్మాకోల్ లేదు. దాన్ని అంతకు కొన్ని నెలల ముందు నేనే చెక్కి తీసేశాను. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

పొలంలో చెరకు కొడుతున్న ఇద్దరు పరుగెత్తుకొచ్చారు.

"లేవకమ్మా, లేవక. కాసేపలాగే కూకో. ఒరే, ఆ నీళ్ల బాటిలిలా తే."

"నాకేటీ అవలేదు బాబూ. ఆయన్ని సూడండి, మోకాలంతా రక్తం," అంది ఆవిడ, రోడ్డు మీద కూర్చునే.

రెండోవాడు హెల్మెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక వైపు పెంకు పగిలి, జానెడు పొడవున గీత పడింది.

"మంచి సరుకమ్మా ఇది. ఇదే లేకపోతే నీ పని అయిపోయేది."

నేను బండి లేపుతున్నట్టు అటు తిరిగాను.

చోడవరంలో ఉండి పేపరుకు వార్తలు రాయడంలోనే నా వయసు చాలావరకు గడిచింది. ఎక్కువగా చిన్న వార్తలే. చెరకు తోలకాలు, సంతలు, సభలు, వాటి మధ్య రోడ్డు ప్రమాదాలు. ప్రమాదం వార్తలో ఒక వాక్యం దానంతటదే వచ్చి పడేది: హెల్మెట్ లేకపోవడంతో తలకు బలమైన గాయమై. ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. హెల్మెట్ ఉన్నవాడి హెల్మెట్ లోపల ఏముందో ఏ ఒక్కసారీ అడగలేదు.

ఆ పని మానేశాక నా రోజు నా భార్య బడి గంటకు కట్టుబడింది. ఆవిడ ప్రాథమిక పాఠశాల టీచరు. బడి కె.కోటపాడు దాటాక లోపలి ఊళ్లో ఉంది. బస్సు అడ్డరోడ్డు దగ్గర దింపేస్తుంది. అక్కణ్ణుంచి ఆటో నిండేదాకా కదలదు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. అందుకని పొద్దున తీసుకెళ్లి దింపడం, మళ్లీ వెళ్లి తీసుకురావడం. రోజుకు నాలుగుసార్లు అదే రోడ్డు. ఏ గుంత ఎక్కడుందో నా నడుముకు తెలుసు.

వెనక కూర్చున్నవాళ్లక్కూడా హెల్మెట్ ఉండాలని జంక్షన్లో ఆపడం మొదలుపెట్టాక ఆవిడ ఒక టోపీలాంటిది పెట్టుకునేది. అది తలకు కాదు, కానిస్టేబులుకు. దానికి తోడు రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకుంది. పొద్దున బడికి వెళ్లేటప్పుడు సూర్యుడు ఎదురుగా ఉంటాడు, సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడూ ఎదురుగానే ఉంటాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్క చేత్తో నన్ను పట్టుకుని కూర్చునేది.

అలాంటప్పుడు విశాఖపట్నం నుంచి పాత సహోద్యోగి ఒకాయన ఫోన్ చేశాడు. పేపరులో మోటారు బళ్ల మీద వచ్చే వారం వారం పేజీ చూస్తున్నాడు.

"కొండదారుల్లో తిరిగే బైకులవాళ్లు పెట్టుకుంటారే, ముందు చూరులా ఉంటుంది, ఆ అడ్వెంచర్ హెల్మెట్లు. ఒక షాపాయన మూడు రకాలు పది రోజులకిస్తానన్నాడు. మీ దగ్గర ఎండుంది, దుమ్ముంది, గతుకులున్నాయి. సుఖం, గాలి, మన్నిక. ఈ మూడూ చూసి రాయండి."

ముందు చూరు అనగానే నాకు ఆవిడ కళ్లు గుర్తొచ్చాయి. ఒప్పుకున్నాను. రాసేది నేను, పెట్టుకునేది ఆవిడ.

"ఏటండీ ఇది? నన్ను బడికి తీసికెళ్తన్నారా, గనిలోకి దింపుతన్నారా?" అంది మొదటిరోజు.

జంక్షన్లో కానిస్టేబుల్ నవ్వాపుకోలేకపోయాడు. "ఏ కొండెక్కుతన్నారు మేడంగారూ?"

"ఐదో తరగతి ఎక్కుతన్నాను బాబూ. మా బళ్లో అంతకంటే ఎత్తు లేదు."

అవి ఒంటిపూట బడుల రోజులు. పొద్దున్నే ఎదురెండ, తిరిగొచ్చేసరికి నడినెత్తిన ఎండ. హెల్మెట్లను పరీక్షించడానికి అంతకంటే మంచి రోజులు ఉండవు. మొదటిది ఫైబరుది, అన్నిటికంటే తేలిక. కణతల దగ్గర మాత్రం బిగుతు. కళ్లజోడు కాడలు దూరవు. గాలి రంధ్రాలు నుదుటి మీదే ఉన్నాయి. బండి అరవైలో ఉంటే వాటిలోంచి గాలి బాగా వస్తుందట. మా దారిలో అరవై ఎక్కడ? ముందు నాటుబండి, దాని వెనక ఆటో, ఆటో వెనక మేము. బడి నుంచి ఇంటికొచ్చి అది తీసేసరికి ఆవిడ జుట్టు తలంటుకున్నట్టు తడిసిపోయేది. రెండోదానికి గడ్డం దగ్గర, నెత్తి మీద, వెనక, అన్నిచోట్లా రంధ్రాలే. గాలితో పాటు దుమ్మూ వచ్చేది. ఆవిడ తుమ్మినప్పుడల్లా, నేను సడెన్‌గా బ్రేకు వేసినప్పుడల్లా దాని చూరు నా హెల్మెట్ వెనక టక్కున కొట్టుకునేది.

"ఇందాకట్నుంచీ తలుపు కొడతన్నాను. లోపల ఎవరూ ఉన్నట్టు లేరు," అంది ఒకసారి.

అది బరువు కూడా. మధ్యాహ్నానికి మెడ తిప్పలేకపోయేది. అప్పటికే ఆవిడకు మెడనొప్పి ఉంది. మూడు రోజులకే దాన్ని పక్కన పెట్టేశాం.

మూడోది అన్నిటికీ సర్దుకుంది. బరువు మధ్యస్థం. గాలి రంధ్రాల మూతలు బొటనవేలితో జరిపితే తెరుచుకుంటాయి, దుమ్ము లేస్తే మూసుకోవచ్చు. కళ్లజోడు కాడలకు లోపల దారి ఉంది. బుగ్గల దగ్గర మెత్త ఊడదీసి ఉతికితే గంటలో ఆరిపోయేది. చూరు నీడ కళ్ల మీద సరిగ్గా పడుతుంది. మన్నిక సంగతి పది రోజుల్లో ఏం తెలుస్తుంది? బండి అద్దానికి తగిలించాం, ఎండలో వదిలేశాం, వరండా మెట్టు మీంచి రెండుసార్లు జారవిడిచాం. మొదటిదాని అద్దం చీర చెంగుతో తుడిస్తే గీతలు పడింది. రెండోదాని చూరు స్క్రూ గతుకులకు వదులైంది. మూడోదానికి ఏమీ కాలేదు. అదే రాసుకున్నాను.

దానికి ఒకటే ఇబ్బంది. ఆవిడ కొప్పు. వెనక కొప్పు అడ్డుపడి హెల్మెట్ ముందుకు వాలేది. చూరు కళ్ల మీదికి దిగేది. కొప్పు పిన్నులు నెత్తిలో గుచ్చుకునేవి.

"జడేసుకోవచ్చు కదా?"

"ముప్పయ్యేళ్ల నుంచి ఇదే కొప్పు. గాలికి జడ చిక్కులు పడితే బళ్లో విప్పడానికి మీరొస్తారా? ఈ తిరనాళ్లు నాకెందుకండీ, పాత టోపీ పెట్టుకుంటాను."

పాత టోపీ పెట్టుకుంటే మళ్లీ కళ్లకు చెయ్యి అడ్డం. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుంటే హెల్మెట్ లోపలి గుడ్డ ఊడదీశాను. కింద నల్లటి థర్మాకోల్ కనిపించింది. కూరలు తరిగే చాకుతో వెనక వైపు రెండు వేళ్ల లోతున, గిన్నెలాగా చెక్కాను. పొడి అంతా పేపరులో చుట్టి బయట పడేశాను. గుడ్డ మళ్లీ బిగించాను. పైకి ఏమీ తెలియదు.

తెలియక చేశానని చెప్పుకోలేను. హెల్మెట్ పెట్టెలో ఒక కాగితం ఉంది. చిన్న అక్షరాలు వదలకుండా చదవడం పేపరులో పడ్డ అలవాటు. లోపలి పొరను కోయకూడదు, మార్చకూడదు అని అందులో ఉంది. దెబ్బను మింగేది ఆ పొరేనని కూడా ఉంది. నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాను కూడా. ఎక్కించుకుని, చెక్కాను. మా రోడ్డు మీద వేగమెంత, పడితే ఎంత పడతాం అనుకున్నాను. నిజానికి అంత కూడా ఆలోచించలేదు. అలిసిపోయాను. ఏదో ఒకటి ఆవిడ తలకు సరిపోతే చాలనిపించింది.

సోమవారం పెట్టుకుని, "ఇప్పుడు బాగుందే! ఏం చేసేరు?" అంది.

"గుడ్డ సర్దేను."

ఆ మూడోదాన్ని మేమే కొనుక్కున్నాం. మిగతా రెండూ వెనక్కి పంపేశాను. వ్యాసంలో మూడోదాన్ని మెచ్చుకుంటూ, కొప్పు వేసుకునే ఆడవాళ్లకు కూడా ఇది హాయిగా సరిపోతుంది అని రాశాను. నేను రాసిన వార్తల్లో తప్పులు పడ్డాయి, కానీ తెలిసి పెట్టిన తప్పు అదొక్కటే.

వారం తర్వాత ఒకావిడ పేపరు ఆఫీసుకు ఫోన్ చేస్తే, వాళ్లు లైను నాకు కలిపారు. మాడుగుల వైపు ప్రభుత్వాసుపత్రిలో ఏఎన్‌ఎంనని చెప్పింది. స్కూటీ మీద ఊళ్లు తిరుగుతుంది.

"మీరు రాసేరని అదే కొన్నాను సార్. నాకు కొప్పు పట్టట్లేదు. మీ మేడంగారికి ఎలాగ పట్టింది?"

నిజం అప్పుడే చెప్పాల్సింది.

"లోపల గుడ్డ తీసి, వెనక కొంచెం చెక్కించుకోండమ్మా," అన్నాను.

"అదేనా సార్? నేనే చాకుతో గీకేస్తాను. థాంక్యూ సార్," అని పెట్టేసింది. పేరు అడగలేదు.

ఆ తర్వాత వానలు వచ్చాయి, పోయాయి. చెరకు కొట్టుడు మొదలైంది. మేం పడ్డాం.

ఆ రాత్రే అనకాపల్లిలో స్కాన్ తీయించాను. లోపల ఏమీ లేదన్నారు. పది రోజులు తల బరువుగా ఉందంది, అది కూడా తగ్గింది. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ఆవిడ ఒకటే చెప్పేది: "ఆ హెల్మెట్టే కాపాడింది. ఈయన పది రోజులు పరీక్ష చేసి మరీ తెచ్చేరు." పగిలిన హెల్మెట్‌ను బీరువా మీద పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. శుక్రవారం శుక్రవారం బొట్టు మార్చేది. ఆ గదిలోకి వెళ్లడం నాకు కష్టమైపోయింది.

మూడో శుక్రవారం హెల్మెట్ దించి, గుడ్డ ఊడదీసి, ఆవిడ ముందు పెట్టాను. చెక్కిన గుంతను చూపించాను. పెంకు పగిలిన గీత సరిగ్గా దాని వెనకే ఉంది.

ఆవిడ అందులో వేలు పెట్టి చూసింది.

"కొప్పుకి చోటిచ్చి బుర్రకి తీసేసేరన్నమాట."

"అవును."

"మరి నన్నేటి కాపాడింది?"

"తెలియదు. కొప్పేనేమో."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తప్పు చేసిన పిల్లవాడిని అడిగినట్టు అడిగింది: "ఇంకెవరికైనా చెప్పేరా ఇలాగ చెయ్యమని?"

చెప్పాను.

"ముందు ఆ అమ్మాయి సంగతి సూడండి. నా సంగతి తర్వాత."

పేపరు ఆఫీసులో ఆ ఫోన్ నంబరు ఎవరూ రాసుకోలేదు. సవరణ రాసి పంపాను. బళ్ల పేజీ అప్పటికే ఆగిపోయింది. జిల్లా పేజీలో కింది మూల నాలుగు లైన్లు వేశారు. అది ఎవరు చదువుతారో నాకు తెలుసు. రాసినవాడు, దిద్దినవాడు.

ఒక ఆదివారం ఇద్దరం బస్సులో మాడుగుల వెళ్లాం. ఆవిడ ఇప్పుడు బండెక్కడం లేదు. బడికి కూడా బస్సు, ఆటో మారి వెళ్తోంది, గంట ముందు బయలుదేరి. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నామె మా మాట ఓపిగ్గా విన్నది. స్కూటీ మీద తిరిగేవాళ్లు ముగ్గురున్నారని, ఆ ముగ్గురివీ మామూలు హెల్మెట్లేనని చెప్పింది. లేచి వస్తుంటే వెనక్కి పిలిచింది. చూరున్న నీలం హెల్మెట్ పెట్టుకునే అమ్మాయి ఒకామె ఉండేదట. దసరా ముందు ఏజెన్సీ కొండల్లోకి బదిలీ మీద వెళ్లిపోయిందట. రిజిస్టరులో చూసి నంబరు ఇచ్చింది. ఆ నంబరు ఎప్పుడు చేసినా స్విచాఫ్ అనే వస్తోంది. మాది నలుపు. ఆ రకం నీలంలో కూడా దొరుకుతుంది.