ఉంటాను మరి

సోఫా మేస్త్రికి "వద్దు" అనే మాట నోరు తిరగదు. దాన్ని వాళ్ళమ్మ కడుపులోనే మర్చిపోయి వచ్చాడంటుంది ఆయన భార్య. పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త స్పాంజి పెట్టి, కొత్త గుడ్డ వేసి కుట్టడం ఆయన పని. సూది పట్టాడంటే కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో వెతుక్కోవాల్సిందే. నోటికి వచ్చింది మాత్రం ఒకటే మాట, సరే. రేపటికల్లా కావాలి మేస్త్రీ అంటే సరే. డబ్బులు వచ్చేనెల ఇస్తానంటే సరే. ఊరెళ్తున్నాం, ఈ పిల్లిని రెండ్రోజులు మీ షాపులో ఉంచుకోండి అంటే దానికీ సరే. ఆ ఊరెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు గాని పిల్లి మాట ఎత్తలేదు, అది షాపులోనే మూడుసార్లు పిల్లల్ని పెట్టింది. అందుకే వీధిలో ఆయన్ని సరే మేస్త్రి అంటారు. ఆ పేరు పెడితే దానికీ సరే అనే అన్నాడు.

ఇలాంటి మనిషికి జిమ్ము పాస్ అంటగట్టడానికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు. రోడ్డు మలుపులో అద్దాల జిమ్ము ఒకటి తెరిచారు. గుమ్మం ముందు టై కట్టుకున్నాయన నిలబడి, "వారం రోజులు ఉచితం సార్, నచ్చకపోతే మానేయొచ్చు" అన్నాడు. పొద్దస్తమానం సోఫాలు ఎత్తి దించేవాణ్ణి, మళ్ళీ డబ్బిచ్చి ఇనుము ఎత్తడం దేనికయ్యా అని ఇంకొకడైతే అడిగేవాడు. మన మేస్త్రి అలా అడిగే రకమైతే ఈ కథే లేదు. పాపం ఎండలో నిలబడ్డాడు, కాదంటే చిన్నబుచ్చుకుంటాడని ఫోన్ తీసి ఆయన చేతికిచ్చాడు. ఆయన ఎక్కడెక్కడో నొక్కాడు. మేస్త్రి సరే అన్నాడు.

జిమ్ముకి వెళ్ళింది ఒకే ఒక్కసారి. బరువులెత్తే బల్ల మీద కూర్చోబోతే దాని రెగ్జిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చి ఉంది. ప్రాణం ఒప్పలేదు. సంచిలోంచి సూదీ దారం తీసి, కింద కూర్చుని, దాన్ని చక్కగా కుట్టి, అందరికీ చెప్పి ఇంటికొచ్చేశాడు. జిమ్ముకి డబ్బు కట్టి, జిమ్ము పని కూడా చేసిపెట్టినవాడు ఈ భూప్రపంచంలో ఇంకొకడు ఉంటే చూపించండి.

వారం అయిపోయింది, ఉచితమూ అయిపోయింది. ఆ తర్వాత ప్రతి ఒకటో తారీఖున తెల్లారేసరికి జిమ్ము డబ్బు ఆయన బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే వెళ్ళిపోవడం మొదలైంది. షాపు అద్దె వెళ్ళేదీ ఆ ఖాతాలోంచే, ఆ తారీఖునే, కాకపోతే కాస్త పొద్దెక్కాక. అద్దె ఎన్నేళ్ళనుంచో ఉన్నది, జిమ్ము నిన్నగాక మొన్న వచ్చింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా. జిమ్ము తినగా మిగిలింది అద్దెకు చాలక, రెండుసార్లు అద్దె చెల్లకుండా వెనక్కి పోయింది.

షాపు ఓనరమ్మ స్వయంగా వచ్చింది. "మేస్త్రీ, నాకూ ఇల్లు గడవాలి. మూడోసారి గనక ఇలా అయితే షాపుకి తాళం వేసేస్తాను. ఏమీ అనుకోకు."

"సరేనమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆ సంగతి విన్న భార్య నెత్తి కొట్టుకుంది. "తాళం వేస్తానంటే సరేనంటారా?"

"ఆవిడ అంత మర్యాదగా చెబితే ఏమనాలే మరి?"

ఆ షాపంటే ఆయనకి ప్రాణం. మీసాలు రాకముందు పనిలో చేరింది అక్కడే, గురువు చేతి సుత్తి ఆయన చేతికొచ్చింది అక్కడే. భార్యను మొదట చూసింది కూడా అక్కడే. కాలు విరిగిన కుర్చీ పట్టుకొచ్చి ఆవిడ సగానికి బేరమాడింది, ఈయన సరే అన్నాడు. ఇంకో మెట్టు దించింది, దానికీ సరే అన్నాడు. "ఇలాంటివాణ్ణి ఎవరో ఒకరు ముంచుతారు, ఆ ముంచేదేదో నేనే ముంచుతాను" అని పెళ్ళాడింది. అప్పట్నుంచీ ఆయన్ని ఊరివాళ్ళు ముంచడం, ఆవిడ జుట్టు పట్టి పైకి లాగడం, ఇదే కాపురం.

అద్దె మొదటిసారి వెనక్కి పోయినప్పుడే, పాస్ మానేద్దామని ఇద్దరూ ఫోన్ ముందేసుకుని కూర్చున్నారు. చేరే బటన్ పళ్ళెమంత ఉంది. మానే బటన్ కోసం భార్య కళ్ళజోడు మార్చుకోవాల్సొచ్చింది. దాన్ని నొక్కితే ఒక బొమ్మ వచ్చి బొటబొటా కన్నీళ్ళు కార్చింది. మేస్త్రి మనసు కరిగి ఫోన్ బోర్లా పెట్టేశాడు. భార్య దాన్ని మళ్ళీ తిప్పి, ఆ బొమ్మను దాటుకుని వెళ్తే, "మానదలచుకున్నవారు ఫోన్ చేసి చెప్పాలి" అని రాసి ఉంది. బ్యాంకుకి వెళ్తే, "అనుమతి మీరే ఇచ్చారు, వాళ్ళు వదిలేశామంటే మేం ఆపుతాం" అన్నారు. ఇహ లాభం లేదని భార్యే జిమ్ముకి ఫోన్ చేసింది. "క్షమించండి, ఇది ఖాతాదారు గొంతు కాదు. మానే విన్నపం ఖాతాదారు గొంతుతోనే చెప్పాలి" అని జవాబొచ్చింది. గొంతు కూడా పోల్చి చూస్తారట. పెళ్ళిసంబంధానికైనా ఇంత వాకబు ఉండదు.

కాబట్టి చేయాల్సింది మేస్త్రే. చేయకపోలేదు, అప్పట్నుంచీ చేస్తూనే ఉన్నాడు. అవతల తీయగా మాట్లాడే అమ్మాయి ఎత్తేది.

"మానేద్దామనుకుంటున్నానమ్మా, నీకేం ఇబ్బంది లేకపోతేనే."

"తప్పకుండా సార్. రాసుకున్నాను."

"పొద్దున్నుంచీ మాట్లాడి నీ గొంతు ఎండిపోయినట్టుంది, కాసిని నీళ్ళు తాగు తల్లీ. సరే, ఉంటాను మరి" అని పెట్టేసేవాడు. పనైపోయిందనుకునేవాడు. ఒకటో తారీఖున డబ్బు మళ్ళీ పోయేది.

ఇలా కాదని నెలాఖరు దగ్గరపడుతుండగా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ జిమ్ముకే వెళ్ళారు. కౌంటరు దగ్గర కూర్చున్న పిల్ల కంప్యూటరులో చూసి తల గోక్కుంది. "అంకుల్, మీరు మానతానని ఎక్కడా లేదే. ప్రతిసారీ ఉంటానన్నారు."

"నేనా?"

ఆ పిల్ల ఏదో నొక్కింది. మేస్త్రి గొంతే, అంత మెత్తగానూ వినిపించింది: "సరే, ఉంటాను మరి." ఇంకోటి నొక్కింది: "ఉంటానమ్మా." మరోటి: "సరే సరే, ఉంటాను."

మనం ఫోన్ పెట్టేసేటప్పుడు ఉంటాను అంటాం. వెళ్ళిపోయేవాడు ఉంటాననడమేమిటని మన తాతలు అడగలేదు, మనం అడగలేదు. ఆ జిమ్ము మెషిన్ అడిగింది.

"మాటలన్నీ వినేది మెషిన్ అంకుల్" అంది ఆ పిల్ల. "ఎంతసేపు ఏం మాట్లాడినా దానికి ఆఖరి మాటే లెక్క. జనం ముందు కోపంతో మానేస్తామంటారు, చివరికి మనసు మార్చుకుంటారు అని కంపెనీవాళ్ళ నమ్మకం."

"నీకు తెలుసుగా తల్లీ ఆయన ఎందుకన్నారో. నువ్వు తీసేయ్" అంది భార్య.

"నాకు చేర్చుకునే బటన్ ఒక్కటే ఇచ్చారు ఆంటీ."

"పోనీ మాట మధ్యలో ఫోన్ పెట్టేస్తే?"

"చివర వీడ్కోలు మాట లేకపోతే ఆ విన్నపం చెల్లదు ఆంటీ."

ఆ మెషిన్‌కి తెలుగు నేర్పినవాడెవడో గాని, అర్థాలు నేర్పి మర్యాదలు నేర్పడం మానేశాడు. వాడు నాకు కనిపిస్తే రెండు మాటలు అడగాలని ఉంది.

ఇంటికొచ్చి మేస్త్రి ఫోన్ చేశాడు. ఉంటాను అనకూడదని నాలుకని పళ్ళ మధ్య పెట్టుకుని మాట్లాడాడు. మానేస్తానన్నాడు, గట్టిగానే అన్నాడు. చివర్లో ఏదో ఒకటి అనాలి కదా, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. టింగుమని సందేశం వచ్చింది: "వెళ్ళి వస్తానన్నందుకు సంతోషం. మీ రాక కోసం మీ పాస్ సిద్ధంగా ఉంటుంది." మర్నాడు బాగా ఆలోచించి, పెద్దమనిషిలా "సెలవు" అన్నాడు. దానికి టింగుమని, "మీకు వారం సెలవు మంజూరైంది. సెలవు రోజులకూ రుసుము వర్తిస్తుంది."

మేస్త్రి తల పట్టుకుని కూర్చున్నాడు. "మన భాషలో వెళ్ళిపోవడానికి మాటే లేదే."

"ఎందుకు లేదు, ఉంది" అంది భార్య. "పోతున్నాను అనండి."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "శుభమా అని అదేం మాటే. గుమ్మం దాటేవాడెవడైనా పోతున్నానంటాడా?"

"మాటకే మనుషులు పోతే, నేను తిట్టిన తిట్లకి మీ అక్కలు ఈపాటికి మిగిలేవాళ్ళు కాదు. గుండ్రాళ్ళలా ఉన్నారు ఇద్దరూ. షాపు కావాలా, శకునాలు కావాలా మీకు?"

షాపే కావాలి. నెలాఖరు రోజు రానే వచ్చింది. తెల్లారితే ఒకటో తారీఖు, జిమ్ము డబ్బు పోతుంది, అద్దె చాలదు, ఓనరమ్మ తాళం పట్టుకొస్తుంది. మధ్యాహ్నం భార్య తను పనిచేసే లాండ్రీలో పని ఆపుకుని షాపుకొచ్చింది, పక్కన నిలబడకపోతే ఈయన మళ్ళీ ఏదో ఒకటి కూస్తాడని. పాఠం చెప్పినట్టు చెప్పింది. "నేను పోతున్నాను, ఇక రాను. అంతే. అమ్మా లేదు, తల్లీ లేదు." మేస్త్రి గుడ్డ విప్పేసిన సోఫా ముందు నిలబడి ఒకటి రెండుసార్లు వల్లించాడు. బాగానే వచ్చింది.

ఫోన్ కలిసింది. ఆ అమ్మాయే ఎత్తింది. మానేస్తానని చెప్పాడు. రాసుకున్నానంది. "చివరగా ఏమైనా చెప్పాలా సార్?"

మేస్త్రి భుజం మీది తువ్వాలు తీశాడు. నేర్పిన మాట అలాగే అప్పజెప్పి పెట్టేస్తే బావుండేది. కానీ ఆయనకి ఏ మాటా ఒట్టినే అనడం చేతకాదు, అంటే మనసారా అంటాడు.

"ఇన్నాళ్ళూ ఓపిగ్గా మాట్లాడావమ్మా. నావల్ల ఏదైనా తప్పు జరిగితే మనసులో పెట్టుకోకు. నేను పోతున్నాను. ఇక రాను. నాకోసం చూడకండి."

భార్య ఆయన ఎదురుగానే నిలబడి ఉంది. ఈ మాట అనమని పోరుపెట్టింది తనే, అక్షరం అక్షరం పలికించింది తనే. అయినా ఆ మనిషి నోట, ఆ గొంతుతో అది వినేసరికి ఒక అడుగు ముందుకేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పక్క వీధికి వెళ్ళినా వస్తానని చెప్పే వెళ్ళాడు. రాను అన్నది ఇదే మొదలు. ఆవిడకి షాపు గుర్తులేదు, జిమ్ము గుర్తులేదు. గబుక్కున ఫోన్ లాక్కుంది.

"ఆయనెక్కడికీ పోరు" అంది. "ఉంటారు. విన్నావా అమ్మాయ్, మా ఆయన ఉంటారు. నిండా నూరేళ్ళూ ఉంటారు."

అవతల ఆ అమ్మాయి, "చాలా సంతోషం మేడమ్" అంది. ఆ అమ్మాయి నిజంగానే సంతోషపడిందేమో కూడా, చెప్పలేం. ఫోన్ టింగుమంది. మానడానికి ఖాతాదారు గొంతే కావాలి గాని ఉండటానికి ఎవరి గొంతైనా పనికొస్తుందని అప్పుడే తెలిసింది. "అభినందనలు. మీ విన్నపం మేరకు మీ పాస్ జీవితకాలానికి పొడిగించాం. రుసుము నెలనెలా యథాప్రకారం."

మేస్త్రి చదివాడు. భార్య వంక చూశాడు. ఆవిడ సోఫా చట్రం మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆయన పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమిరాడు.

ఒకటో తారీఖున అనుకున్నదే జరిగింది. ఓనరమ్మ మాట మీద నిలబడే మనిషి, సాయంత్రానికి తాళం వేసింది. వేసేముందు సామాన్లు బయటపెట్టుకోవడానికి సాయం కూడా చేసింది. సోఫాలు, చట్రాలు, స్పాంజి చుట్టలు, పిల్లి, దాని పిల్లలు, అన్నీ వాళ్ళ ఇంటి ముందుగదిలోకి వచ్చి పడ్డాయి. తలుపు పూర్తిగా తెరుచుకోదు, పక్కకి తిరిగి లోపలికి రావాలి. మేస్త్రి ఆ ఇరుకులోనే కూర్చుని ఒక చేతుల కుర్చీ కుడుతున్నాడు.

పక్కింటావిడ గుమ్మంలోంచి తల లోపలికి పెట్టింది. "ఏం వదినా, షాపు పోయిందటగా?"

బేరంలో ఎవరి దగ్గరా ఒక్క రూపాయి వదలని మనిషి మేస్త్రి భార్య. దారం కొస పళ్ళతో తెంపి, సూదిలోకి ఎక్కించి, మొగుడి చేతికిచ్చింది.

"పోతే పోయింది వదినా. మనిషి ఉన్నాడు."