చేయికి రెండు మాటలు

పాల్వంచ నుంచి బస్సులో అడవి అంచున ఉన్న బడికి వెళ్లి వస్తుంటాను. పోయిన ఏడు ఒకటో తరగతి కోయ పిల్లల కోసం, వాళ్ల ఇంటి మాటలను తెలుగు అక్షరాల్లో రాసి బొమ్మల కార్డులు చేయాలని పూనుకున్నాను. మాటలు చెప్పడానికి బడిలో వంట చేసే అక్క ఒప్పుకుంది. ఒప్పుకుంది గానీ, నా ముఖం కాకుండా నా పెన్నునే చూసేది.

చిక్కంతా ఐ దగ్గర వచ్చింది. అ దగ్గర మొదలై ఇ వైపు జారే శబ్దం అది. చేయిని ఏమంటారని సోమవారం అడిగితే ఒక మాట చెప్పింది. దాన్ని "కై" అని రాయాలా, "కయ్" అని రాయాలా అని నేను తేల్చుకోకముందే మంగళవారం "కయ్యు" అంది. నోరు ఎలా తిరుగుతుందో చూద్దామని వంగితే కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. నాతో ఆటలాడుతోందనుకుని, ఆమె ఎదురుగానే నోటుబుక్కు చివరి పేజీలో "ఈమె మాట నమ్మలేం" అని రాసుకున్నాను.

బుధవారం రికార్డు చేద్దామని ఫోను తీశాను. బియ్యం ఏరుతున్నదల్లా రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"వేలిముద్ర ఏమన్న కావాల్నా టీచరమ్మా?"

"వద్దక్కా. మొన్న ఒకటి చెప్పావు, నిన్న ఒకటి చెప్పావు. ఏది నిజం?"

"రెండూ నిజమే. మా అమ్మగారింట్ల గట్లంటరు, అత్తగారింట్ల గిట్లంటరు. ఒక్కటే చెప్పమని నువ్వు అనలే గదా."

నాకు సిగ్గేసింది. ఆమె అక్కడితో ఆగలేదు.

"మా ఆయనతోని గూడ ఒకాయన మంచిగ మాట్లాడి రాసుకున్నడు, వేలు పెట్టించుకున్నడు. రాసింది చదవమంటే చదవలే. మా పోడు చేను సగం పోయింది. ఉన్న సగానికి ఇంకా పట్టా రాలే. నువ్వు రాసిందంత చదువు, గప్పుడు చెప్త."

చదివాను. తప్పు రాసిన చోట దిద్దింది, ఒకచోట నా పలుకుకు నవ్వింది కూడా. ఎప్పుడో చేతులు బయటికి వచ్చి మళ్లీ బియ్యం ఏరుతున్నాయి. చివరి పేజీ రాగానే నోటుబుక్కు మూసేశాను.

"ఇంకో పేజీ ఉన్నది గదా. నిన్న రాస్తుంటె చూసిన."

"అందులో ఏం లేదక్కా."

"వేలు పెట్టించుకున్నాయన గూడ గట్లనే అన్నడు."

చేతులు మళ్లీ కొంగులోకి వెళ్లిపోయాయి. మా బడి కార్డుల్లో చేయి బొమ్మ కింద ఇప్పటికీ మాట లేదు.