వదిన దాచిన మాట

మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, పోయిందన్న కబురు పోయిన నెల ఒక పొద్దున తిరుపతిలో మేము వేరుకాపురం పెట్టిన ఇంటికి వచ్చింది. మా అత్తగారి ఊరు పూతలపట్టు నుంచి వచ్చిన సేద్యగాడు వాకిట్లోనే నిలబడి, "అక్కమ్మ పోయినాదమ్మా, బిరీన రమ్మన్నారు" అన్నాడు. మా ఆయన గోడకు ఆనుకుని ఏడ్చారు. నాకు ముందుగా తోచింది చెబితే మీరు అసహ్యించుకుంటారేమో. తప్పు నాది కాదని తెలిసిన ఒక్క మనిషీ పోయింది అనుకున్నాను.

వదిన పదహారో ఏటనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. పెళ్లికీ పేరంటానికీ ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. ఏడాదికొకసారి, మాఘ పున్నమి సముద్రస్నానానికి మాత్రం అందరితో పాటు తీసుకెళ్లేవారు. ఆ ప్రయాణం కోసమే ఆమె ఏడాదంతా బతికేది. వేరుశెనగలు వేయించి, పులిహోర మూటకట్టి, అందరికంటే ముందు బండెక్కి కూర్చునేది. దారిలో నన్ను ఏడిపించడం ఆమెకు వేడుక.

"పలక మీద రాసేది నేర్పినారు గానీ, నోరు తెరిచేది నేర్పలేదా మ్మే నీకు? యాడ దొరికినావే మావాడికి?"

బండిలో అందరూ నవ్వేవారు. కాసేపటికి తన వాటా బెల్లం నా కొంగులో పడేసేది కూడా ఆమే.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, చంద్రగిరి కోట కింద ఎద్దులను విప్పి వంట చేస్తున్నప్పుడు, నాకు నెల తప్పిందని వదిన చెవిలో చెప్పాను. భార్య కడుపుతో ఉంటే భర్త సముద్రంలో మునగకూడదని మా ఇళ్లల్లో పట్టింపు; తెలిస్తే ప్రయాణమే మానేస్తారు. ఆ సంగతి ఆయనతో చెప్పడానికి నాకు సిగ్గు.

"నేను సెప్తాలే. నువ్వు గమ్మునుండు" అంది వదిన.

చెప్పలేదు. తిరుపతిలో రైలెక్కాము. గూడూరులో దిగి, బాడుగ బండిలో సముద్రానికి పోయాము. మా ఆయన పరుగెత్తి నీళ్లలో దూకారు. వదిన చెప్పే ఉంటుంది, ఆయనకే పట్టింపు లేదేమో అనుకున్నాను. వదిన అలల్లో కూర్చుని, నోట్లోకి పోయిన ఉప్పునీళ్లు ఉమ్ముతూ చిన్నపిల్లలా నవ్వుతోంది. ఇంట్లో ఆమె అలా నవ్వగా నేనెన్నడూ చూడలేదు.

ఇంటికి చేరిన పదో రోజున నా కడుపు పోయింది.

"సిగ్గంట సిగ్గు! దాసిపెట్టి బిడ్డను సముద్రానికి ఇచ్చేసినావు కదే" అంది అత్త.

వదిన అక్కడే ఉంది. నా బట్టలు ఉతికింది, వేడినీళ్లు పోసింది, అన్నం కలిపి ముద్దలు తినిపించింది. నేను తనతో ముందే చెప్పానన్న ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఒకరోజు నాకు తలకు పోస్తూ, నాకే వినిపించేలా అంది: "సెప్పింటే బండి చంద్రగిరి కాడ్నే తిరుక్కోనుండేది. మళ్లా నాకు సముద్రం యాడిది మ్మే?"

నేను చెప్పినా నమ్మేవారెవరు? ఆ చేతులు లేకపోతే నేను బతికేదాన్ని కాదు, అదీ నిజమే.

మేము ఊరు చేరేసరికి మరిది ఆమెకు తలకొరివి పెట్టేశాడు. అస్థికలు మాత్రం పెద్దవాడైన మా ఆయన చేతనే సముద్రంలో కలిపించాలని అత్త పట్టుబట్టింది. అందరం వెళ్లాము. అప్పటికి నాకు మళ్లీ మూడో నెల. ఈసారి కూడా సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆయన కుండ పట్టుకుని నీళ్ల వైపు నడుస్తుంటే, మగవాళ్లందరి ముందూ అరిచాను.

"దిగబాకండి! నేను కడుపుతో ఉండాను!"

"ఇప్పుడు తెరిసినావా నోరు!" అంది అత్త. "అప్పుడే తెరిసింటే ఈపాటికి ఇంట్లో బిడ్డ తిరుగుతా ఉండేది."

మా ఆయన ఆగి నా వైపు చూశారు. అప్పుడూ తెరిచాను అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన చేతిలోని కుండను చూసి మింగేశాను.

మరిది కుండ అందుకుని, నడుము లోతు నీళ్లలోకి పోయి వంచాడు. బూడిద కొంత లోపలికి పోయింది. కొంత అలతో పాటు వెనక్కి వచ్చి, నా పాదాల చుట్టూ నురుగులో తిరిగింది. వెనక్కి రమ్మని అత్త కేకలు వేస్తోంది. నేను కదలలేదు.