లింగమయ్యకు పొట్టేలు

నేను ఇప్పటిదాకా నలభై మంది దేవుళ్లను చంపాను. అందరినీ కథల్లోనే. పరదా లాగి చూస్తే ఒక దేవుడు కంప్యూటరు. ఒక దేవుడు ఎప్పుడో కూలిపోయిన రాకెట్టు, దాని చుట్టూ జనం కొబ్బరికాయలు కొడుతుంటారు. ఇంకొక దేవుడు పూజారి కండువా కింద దాచుకున్న రిమోటు. మొన్న మిర్యాలగూడ సభలో మైకు ముందు ఈ నలభై మాటే అన్నాను, చప్పట్లు కూడా పడ్డాయి. మీ దగ్గర దాచడం ఎందుకు, రాసింది తొమ్మిది కథలు, ఒక నవల. ఆ నవల కూడా సగం అచ్చయ్యేసరికి పత్రికే మూతపడింది. అందులోని దేవుడు ఇంకా బతికే ఉన్నాడు.

ఆ సభతోనే మొదలుపెట్టాలి. మా ఇంట్లో ఆపద కూడా ఆ ఆదివారమే మొదలైంది.

నేను సైన్స్ టీచరుగా రిటైరై కోదాడలో ఉంటున్నాను. మిర్యాలగూడ సాహిత్య మిత్రులు పిలిచి, సైన్స్ కథల్లోనూ మాయాలోకపు కథల్లోనూ భక్తిని ఎట్లా చూపిస్తారో చెప్పమన్నారు. నాకు పండగే కదా. చెప్పాను. సైన్స్ కథలో భక్తుడు పిచ్చోడు, పూజారి దొంగ, దేవుడు మిషను. మాయాలోకపు కథలో దేవుడు నిజంగానే ఉంటాడు కానీ కరెంటులాగా ఉంటాడు, మంత్రం అనే స్విచ్చి వేస్తే బల్బు వెలగాల్సిందే. మొదటిదాంట్లో భక్తి అబద్ధం, రెండోదాంట్లో భక్తి అక్కర్లేదు. కళ్ల ముందే వరం ఇచ్చేవాణ్ని నమ్మడానికి భక్తి ఎందుకు, కళ్లుంటే చాలు. ఈ ఆఖరి మాటకు హాలంతా ఊగిపోయింది. ముప్పై ఏళ్ల ఆలోచన సారం అని కూడా అన్నాను. అది నా మాట కాదు. ఒకసారి చింతపండు గింజ తీస్తూ మా ఆవిడ అన్నది.

ప్రశ్నలడిగే వేళకు వెనక వరుసలోంచి ఒకామె లేచింది. వేములపల్లిలో టీచరు. పొద్దున చర్చిలో ప్రార్థన ముగించుకొని అటు నుంచి అటే వచ్చిందట.

"సార్, మీ కథల్లో మనుషులు దేవుడు కనబడ్డాక మొక్కుతారు, లేకపోతే మోసపోయి మొక్కుతారు. ఇంట్లో మంచం పట్టిన మనిషిని పెట్టుకొని మొక్కేవాళ్లు ఒక్కరూ లేరేమండీ?"

"అమ్మా, మంచం పట్టినోళ్లను రాకెట్టు ఎక్కనియ్యరు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి కూర్చుంది. బస్సులో కోదాడ దాకా ఆ జోకు నా నోట్లో చేదుగా నానుతూనే ఉంది. ఎందుకంటే మా ఇంట్లో అటువంటి మనిషి ఉన్నది.

మా ఆవిడకు కిడ్నీలు పనిచేయవు. సోమవారం, గురువారం కిరాయి కారులో సూర్యాపేట తీసుకుపోయి డయాలసిస్ చేయిస్తాను. ఆమెది మునగాల పక్కన గొర్లు కాసుకునే కుటుంబం. వాళ్ల ఇంటి దేవుడు దురాజ్‌పల్లి గుట్ట మీది లింగమయ్య. మాకు పిల్లల్లేరు. రెండేళ్లకోసారి జాతరకు పోయి పిల్లల కోసం మొక్కింది. పుట్టలేదు. మళ్లీ జాతరకు మళ్లీ పోయింది. అడిగే వయసు దాటిపోయాక కూడా పోయింది. "ఇంక దేనికే?" అని నవ్వేవాణ్ని. "సుట్టపుసూపుకు" అనేది.

ఆ ఆదివారం సాయంత్రం నేను వచ్చేసరికి గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. లింగమయ్యకు రోజూ పెట్టే దీపం గూట్లో లేదు.

"రేపు కారు వద్దని చెప్పు" అన్నది.

"ఎందుకే?"

"సాలు."

"సాలంటే?"

"సాలంటే సాలే. నువ్వు రాస్తివి గదా సారూ, మిషన్‌ను దేవుడనుకొని జనం మొక్కుతరని. నేను గదే చేస్తున్న. వారానికి రెండుసార్లు పోయి దాని ముందట పండుకొని చెయ్యి సాపుతున్న. నీ కథలోళ్లే నయం, వాళ్లకు అది మిషనని తెల్వదు."

"మరి లింగమయ్య ఏం కావాలె?" అన్నాను. ఆ పేరు నా నోటితో నేనే తీశానంటే నా భయం ఎంతదో చూడండి.

"ఆయన ఇయ్యకపోయినా మొక్కిన. ఇగ ఇప్పుడు మొక్కబుద్ధి గూడ అయితలేదు."

జబ్బు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బెదరగొట్టింది. ఆ దీపం మీద నేను ఎన్ని పరాచికాలాడానో లెక్క లేదు. నా జోకులకు ఆరలేదు. దప్పికకు ఆరిపోయింది. డయాలసిస్ మనిషి నీళ్లు గుక్కలు లెక్కబెట్టి తాగాలి. ఎండాకాలమంతా నోట్లో ఐసుముక్క పెట్టుకొని గడిపిన మనిషి, దేవుణ్ని కూడా ఇంక పిలవలేనంతగా ఎండిపోయింది.

సోమవారం పోలేదు. గురువారం పోలేదు. కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడక కూర్చునే కునికేది. డాక్టరుకు ఫోన్ చేస్తే, నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కితే ఇంక నా చేతిలో ఉండదు, వెంటనే తెండి అన్నాడు. బతిమాలాను. తిట్టాను. పక్కింటివాళ్లతో చెప్పించాను. శుక్రవారం పొద్దున ఆమెను అమాంతం ఎత్తుకొని వాకిట్లోకి తెచ్చానని పక్కింటాయనకు చెప్పుకున్నాను కానీ, నిజానికి చంక కింద చెయ్యి వేశాను, అంతే. "నీ నడుం పడితే ఇద్దరం పోవాలె దవాఖానకు" అన్నది. చెయ్యి తీసేశాను.

మిగిలింది నాకు వచ్చిన ఒకే ఒక్క పని. నా కథలన్నీ ముందు ఆమెకే చెప్పేవాణ్ని. ఆమె చింతపండు ఒలుస్తూ వినేది. చేతులు ఆగితే కథ బాగున్నట్టు. ఆ పొద్దున ఆమె పక్కన కూర్చొని ఒక కథ అల్లాను. వాన పడని ఒక గ్రహం. అక్కడ ఒక ముసలామె మొక్కుతుంది. ఈసారి కంప్యూటరు లేదు, రిమోటు లేదు, నిజంగా దేవుడే వస్తాడు. వచ్చి, లే తల్లీ, ఇంకా నీకు రోజులున్నాయి అంటాడు. చెప్తూ ఆమె చేతుల వంక చూశాను. ఒడిలో వాచి, ఊరికే పడి ఉన్నాయి. ఆగాయో లేదో తెలిసే దారి లేదు.

"వైర్లు యాడ దాచినవ్?" అన్నది.

"లేవే. నిజం దేవుడే."

"అబద్ధం. నీకు నమ్మకం లేనిది నీ కథల నడవది. వాడు దేవుడు గాదు, నువ్వే. నన్ను కారెక్కియ్యనీకి యేషం కట్టుకొని వచ్చినవ్." దమ్ము తీసుకోవడానికి ఆగింది. "ఆ ముసల్దాన్ని జూడు. అడిగింది, వచ్చింది. గంతేనా? అడిగీ అడిగీ ఏం రాకున్నా మల్ల పొద్దుగాల లేసి వాకిలి ఊడ్సుకునేటిదాన్ని నువ్వు ఎన్నడన్న రాసినవా?"

రాయలేదు. నా గ్రహాల మీద అట్లాంటి ఆడమనిషి ఒక్కతీ లేదు.

నాకు ఇంక మతి పోయింది. లేచి ఆ చీకటి గూడు ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి, ఆమెకు వినబడేటట్టు గట్టిగా అన్నాను. "లింగమయ్యా, ఈమెను నిలబెట్టు. వచ్చే జాతరకు ఇద్దరం నడిచొచ్చి నీ ముందట పొట్టేలును కోస్తం."

ఆదివారం నుంచి గోడకు ఆనుకొనే ఉన్న మనిషి ఉలిక్కిపడి లేవబోయింది.

"నీ నోట్ల మన్నువడ! లింగమయ్యకు పొట్టేలా?"

"ఏమైందే?"

"ఆయన నెత్తురు ముడుతడా? ఆయనకు నైవేద్యం. పొట్టేలు ఆయన చెల్లె చౌడమ్మకు. ఇన్నేండ్లు నా ఎంబడి జాతరకొచ్చి ఏం జూసినవ్?"

"ముక్కలు చూసిన" అన్నాను. అది మాత్రం నిజం. కూర ఉడికే వేళకే గుట్ట దగ్గరికి చేరేవాణ్ని.

ఆమె నవ్వలేదు. వాళ్లలో మొక్కు అంటే నోటితో అనేసిన మాట. తప్పు మొక్కు అసలు మొక్కకపోవడం కన్నా చెడ్డది. దాన్ని ఇంట్లో కూర్చొని వెనక్కి తీసుకోవడానికి లేదు. నోరు జారినవాడే గుట్టకు పోయి తప్పు ఒప్పుకోవాలి, ఎవరి ప్రాణం మీద మొక్కాడో ఆ మనిషి వెంట ఉండాలి.

"కారు పిలువు" అన్నది. "నేను పొయ్యేముంగట నీ పెంట నేను సర్దాలె."

దురాజ్‌పల్లి గుట్ట కోదాడ నుంచి సూర్యాపేట పోయే హైవే మీదే, పేట ఇంకో నాలుగడుగులుందనగా వస్తుంది. ఆమెను ఇల్లు కదిలించడానికి కావాలనే తప్పుగా మొక్కానని ఆ తర్వాత ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను, నా తెలివికి వాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. తెలివి లేదు, ఏమీ లేదు. నాకు నిజంగానే తెలియదు. గెలాక్సీకొక దేవుణ్ని పుట్టించినవాణ్ని, భార్య పుట్టింటి దేవుడు ఏం తింటాడో తెలుసుకోలేదు.

కారు మునగాల దాటేసరికి ఆమె ఊపిరి బయటికి వినబడుతోంది. పెదవులు నల్లబడ్డాయి. "సీదా దవాఖానకే పోనియ్యి" అని డ్రైవరుతో అన్నాను.

"గుట్ట కాడ ఆపకపోతే నడిమిట్ల దిగుత" అన్నది ఆమె.

డ్రైవరు అద్దంలోంచి నా వంక చూశాడు. ఆపాడు.

జాతర రోజులు కావు. గుట్ట బోడిగా ఉంది. మేకలు రెండు మూడు మెట్ల పక్కన మేస్తున్నాయి. ఆమె డోరు తీసి ఒక కాలు బయట పెట్టింది, రెండో కాలు రాలేదు.

"నువ్వెక్కు" అన్నది. "పోయి చెప్పు. నేనీడ్నే ఉంట."

ఎక్కాను. మెట్టు మెట్టుకూ ఆమె ఊపిరితిత్తుల్లో నీరు ఎంత ఎక్కుతున్నదో నాకు తెలుస్తూనే ఉంది, నేను బళ్లో పిల్లలకు చెప్పిన పాఠమే కదా. పరుగున పైదాకా పోయి గుడి ముందు సాగిలపడ్డానని రాయాలని నా చెయ్యి గుంజుతున్నది. సగం దాకానే పోయాను. మోకాళ్లు మొరాయించాయి. రాయి మీద కూలబడి కిందికి చూశాను. డోరు తెరిచిన కారు, బయటికి వేలాడుతున్న వాచిన పాదం.

దేవుళ్లకు పేజీలకు పేజీలు మాటలు రాసినవాణ్ని, దేవుడితో అనడానికి ఒక్క వాక్యం లేదు. ఉన్నాడా లేడా అన్న ఆలోచన కూడా రాలేదు. జీవితమంతా దాని మీదే బతికాను, అవసరం వచ్చినప్పుడు అది నా దగ్గరికే రాలేదు. "తప్పయింది. ఆమెను ఉంచు" అన్నాను. ఎవరితో అన్నానో చెప్పలేను. నా సైన్స్ కథైతే ఈడ ఒక దీపం వెలిగి ఆరాలి. మాయాలోకమైతే ఒక గొంతు వినబడాలి. ఒక మేక తలెత్తి చూసి మళ్లీ మేతలో పడింది.

కిందికి దిగాను.

"చెప్పినవా?"

"సగం దాకనే పోయిన. ఆడ్నే చెప్పిన."

"ఏమన్నడు?"

నా నోట్లో మంచి మంచివి తయారుగా ఉన్నాయి. గాలి లేకుండానే గంట మోగిందని, పైనుంచి ఒక పువ్వు పడిందని. ఆమె పెదవులు చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"ఏమనలే" అన్నాను.

నా మొహంలోకి చూసింది. నేను అబద్ధమాడటం లేదని ఆమెకు తెలిసిపోయింది. అది ఆమెకు కొత్త కూడా.

"నాతోని గూడ ఎన్నడేమనలే" అన్నది. తర్వాత, "కాలు లోపట పెట్టు" అన్నది.

పాదాన్ని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టాను. వాపుకు చెప్పు ఎక్కలేదు, దాన్ని చేత్తో పట్టుకొని కూర్చున్నాను. డ్రైవరు ఎక్కడికని అడగలేదు.

సూర్యాపేటలో నర్సు బీపీ చూసి మండిపడింది. "ఇన్ని రోజులు ఏడ పోయిన్రు తాతా? గింత నీరుతోని తెస్తరా మనిషిని?" డాక్టరు వచ్చి, నీరంతా ఒకేసారి తీస్తే గుండె తట్టుకోదు, కొద్దికొద్దిగా తీస్తాం, ఇవాళ గడవాలి, ఇంతకన్నా ఏమీ చెప్పలేను అన్నాడు. మిషను తిరగడం మొదలైంది. నడుమ ఒకసారి బీపీ పడిపోయింది. నర్సులు ఉరికొచ్చి మంచం కాళ్ల వైపు ఎత్తారు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, నన్ను బయటికి నెట్టారు. బయట మిగతా రోగుల వెంట వచ్చిన ఆడోళ్లూ మగోళ్లూ ఎవరి దేవుణ్ని వాళ్లు గొణుక్కుంటున్నారు. నేను గోడకు ఆనుకొని నిలబడి, మెట్ల మీద అన్న ఆ రెండు ముక్కలే మళ్లీ మళ్లీ అన్నాను. కొత్తవి రాలేదు.

మళ్లీ లోపలికి పిలిచారు. కళ్లు తెరిచి ఉన్నది. నీళ్లడిగింది. నర్సు తడిదూదితో పెదవులద్దింది.

"ఎల్లుండి మల్ల రమ్మంటున్నరు" అన్నాను. "రెండు తప్పినయి గదా, ఒక్కసారికి సరిపోదట."

"ఎల్లుండి సంగతి ఎల్లుండి" అన్నది. కళ్లు మూసుకొని మొహం అటు తిప్పింది.

వస్తానన్నదో రానన్నదో నాకు తెలియలేదు. అడగలేదు. బయటికి వచ్చి డ్రైవరుకు ఎల్లుండికి కూడా కారు చెప్పాను. చెప్పిన సంగతి ఆమెకు చెప్పలేదు.