తల ఆనిన చోటు

మా ఎదురింటి పిన్నిగారు పోయారు. పొద్దున్నే కాలేజీకి బాక్సు సర్దుకుంటుంటే ఆవిడ కోడలు వీధిలోంచే కేకేసింది. "అక్కా, బేగి రండి. అత్తయ్య ఎంత లేపినా లేవట్లేదు." నేను వెళ్ళేసరికి పిన్నిగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. బొటనవేలి గోరు సందులో తెల్లగా సుద్ద.

ఆవిడ నాకు చుట్టం కాదు. నర్సీపట్నంలో ఈ వీధికి వచ్చిన కొత్తలో అమ్మ అలవాటు చేసిన పిలుపు. బడిలో కుట్టు టీచరుగా రిటైరయ్యాక ఆవిడ గోడల పని పట్టుకున్నారు. రంగుల బొమ్మలు కావు; గరుకులు, చాళ్ళు, అల్లికలు. బడుల్లో పారేసే సుద్దముక్కలు ఏరించి, మాకవరపాలెం నుంచి కూడా సంచులతో తెప్పించుకుని, దంచి, జల్లించి, తెల్ల జిగురులో చపాతీ పిండిలా కలిపేవారు. గోడమీద పరిచి విరిగిన దువ్వెనతో చాళ్ళు తీసేవారు. కొబ్బరిపీచు అద్దితే ఒక గరుకు, పాత లేసు అద్ది తీస్తే ఇంకో అల్లిక. కొన్నది జిగురొక్కటే. "మీ ఆయనకి గోడంటే కేలెండరు తగిలించుకునే సోటే" అని నన్ను ఆటపట్టించేవారు. "ఇల్లు అందంగా ఉంటే సరా? మనుసులు ఆనుకోడానికి సోటుండాల" అనేవారు.

పని మొదలుపెట్టే ముందు వేలి కణుపుతో గోడను రెండుసార్లు కొట్టి చెవి ఆనించేవారు. లోపల డొల్లగా ఉంటే ముద్ద నిలవదట. అంతవరకూ నాకు అర్థమయ్యేది. శబ్దం ఆగిపోయాక కూడా ఆవిడ చెవి తీసేవారు కాదు.

"ఇంకా ఏం వింటున్నారు పిన్నిగారూ?"

"కొట్టినోళ్ళం కాసేపు ఆగాల కదే అమ్మాయ్. తలుపు కొట్టి ఎళ్ళిపోతామేటి?"

నవ్వేదాన్ని. అమ్మ పోయాక నవ్వలేదు.

చివరి రోజుల్లో అమ్మ హాల్లో కింద కూర్చుని ఎప్పుడూ ఒకే చోట తల ఆనించేది. అక్కడ కొబ్బరినూనె మరక మిగిలిపోయింది. మావారు రంగు వేయించారు. వానలకి మరక పైకి వచ్చింది. మళ్ళీ వేయించారు. మళ్ళీ వచ్చింది, ఈసారి కింద మెడ కూడా ఉన్నట్టు. నూనె మీద రంగు నిలవదని నాకూ తెలుసు. తెలిసినా చీకటి పడితే లైటు వెయ్యకుండా ఆ హాలు దాటలేకపోయేదాన్ని. చెరిపించాలనీ ఉండేది, నిజంగానే చెరిగిపోతే అమ్మ ఇంట్లో ఇంకెక్కడ ఉంటుందన్న బెంగా ఉండేది.

పిన్నిగారు వచ్చి చూశారు. "తుడిసీకు, కప్పీకు. మీ అమ్మని మద్దిలో కూకోబెట్టి సుట్టూ సేద్దాం" అన్నారు. మరకను అలాగే వదిలి, నీళ్ళలో చుక్క పడ్డట్టు దాని చుట్టూ గుండ్రంగా చాళ్ళు తీశారు. ఆ తర్వాత మరక పెరగలేదు. లేదా నేను బెదురుతూ చూడటం మానేశానేమో. ఏదైనా, ఆవిడవల్లే ఆ గది మళ్ళీ నాదయింది.

పిన్నిగారు పోయిన రోజు ఆవిడ కోడలు వరండాలో ఒక గిన్నె చూపించింది. పైన తడిగుడ్డ, కింద మెత్తగా సుద్ద ముద్ద.

"రాత్రి కలిపి పెట్టిందక్కా. ఎవరికని అడిగితే, ఎదురింట్లో గోడ బీటిచ్చినాది, పొద్దున్నే ఎళ్ళాల అన్నాది."

"మా గోడ బాగానే ఉందే!"

"అదేటో మరి."

ఇంటికొచ్చి చూశాను. మరక పక్కనుంచి, చాళ్ళను కోసుకుంటూ, వెంట్రుకంత బీట. అంతకుముందు రోజు అది ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. మోకాళ్ళ నొప్పులతో పిన్నిగారు మా గడప తొక్కి నెల దాటింది. వీధిలోంచి కనబడేంత బీట కాదు.

"పెచ్చు ఊడిపడేలోపు మొత్తం గీకించేద్దాం. ఇంక బాగుచేసేవాళ్ళెవరున్నారు?" అన్నారు మావారు. ఆ మాటలో తప్పు లేదు.

మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చాక వెళ్ళి గిన్నె అడిగాను. కోడలు వెనక్కి తగ్గింది.

"మైల ఇంట్లోంచి ఎలా ఇస్తానక్కా? కర్మలయ్యాక పట్టుకెళ్ళండి."

"అప్పటికి ఎండిపోతుందమ్మా."

ఆమె అటూ ఇటూ చూసి మొహం తిప్పుకుంది. "నాను ఇవ్వనేదు. మీరు తీసుకుంటే నాను సూడనేదు."

గిన్నెలో విరిగిన దువ్వెన కూడా ఉంది.

బీటలో ముద్ద నింపాను. దువ్వెన ఎలా పట్టాలో తెలియక రెండుమూడుసార్లు తిప్పి పట్టుకున్నాను. దువ్వెన పళ్ళు పాత చాళ్ళకు తగలగానే మాత్రం, దారి ముందే తెలిసినట్టు గుండ్రంగా తిరిగాయి. ఇన్నేళ్ళు పక్కన నిలబడి చూసినందువల్ల కావచ్చు. తర్వాత ఆవిడలాగే గోడను రెండుసార్లు కొట్టి చెవి ఆనించాను. గట్టిగా పలికింది. చెవి తీసెయ్యబోయి, కొట్టినవాళ్ళం కదా అని ఆగాను.

చాలాసేపటికి, నెమ్మదిగా, ఇంకొకటి వినిపించింది. ఆరేటప్పుడు సుద్ద ఒక్కోసారి టక్కుమంటుందని పిన్నిగారే చెప్పారు. అదే అయి ఉంటుంది.

"ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు" అన్నారు మావారు పక్కగదిలోంచి.

నేను లేవలేదు. అమ్మ మరక పక్కన, తడి చాళ్ళ మీద, నా చెవి ఆనిన గుర్తు గుండ్రంగా పడి ఉంది.